ఆర్మూరు మీద మనసు పడ్డాను!

'మనసు దోచే ఊరేది?' అనడిగితే పారిస్ అంటారు. మన దేశంలో అయితే సరస్సుల ఊరు ఉదయ్‌పూర్ అంటారు. నేను మాత్రం ఆర్మూరు అంటాను. నవ్వకండి మరి!

నిజామాబాద్‌కు సుమారు 27 కిలోమీటర్ల దూరంలో, పసుపుకు పేరుపడ్డ ఊరది. కొన్నేళ్ల క్రితం ఒక ఫిబ్రవరిలో, పంట రుణాల ఖాతాల తనిఖీకి నాలుగు రోజులు అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఒంటరిగా ఊరెళ్లడం అదే మొదలు. 'ఒక్కదానివే ఎలా ఉంటావే?' అని అత్తగారు, 'మరి మాకు అన్నం ఎవరు పెడతారు?' అని పిల్లలు. జూబ్లీ బస్‌స్టేషన్‌లో బస్సెక్కానే గానీ ప్రాణమంతా ఇంటి దగ్గరే.

లాడ్జిలో గుమస్తా 'మీతో ఎవరొచ్చారమ్మా?' అని రెండుసార్లు అడిగాడు. ఆ రాత్రి తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాను.

మర్నాడు పొలాలకు వెళ్లాను. పసుపు తవ్వే రోజులు. జూన్‌లో వేసిన పంట దాదాపు తొమ్మిది నెలలకు గానీ చేతికి రాదు. తవ్వాక కొమ్ములూ మండలూ వేరుచేయాలి, ఉడికించాలి, పది పదిహేను రోజులు ఎండబెట్టాలి, ఆపైన డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టాలి. అక్కడ మట్టి దులిపి, విడదీస్తున్నవాళ్లంతా ఆడవాళ్లే.

"ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? బుగులైతలేదా?" అనడిగిందో పెద్దామె. అవుతోందన్నాను. "పనికొచ్చినోళ్లకు బుగులెందుకు? మేం రోజూ వస్తలేమా!" అంటూ పసుపంటిన చేతులతో నవ్వింది. నాకెందుకో ఒక్కసారిగా ధైర్యం వచ్చింది.

ఆ సాయంత్రం సిద్ధుల గుట్టకు వెళ్లాను. నవనాథ సిద్ధుల పేరున వెలసిన గుట్ట అది. ఎవరో పేర్చినట్టు నల్లటి బండరాళ్లు. రాళ్ల సందులోంచి వంగి వెళితే గుహలో శివుడు. బయటికొచ్చి ఓ బండమీద కూర్చున్నాను. కింద ఊరు, దూరంగా కల్లాల్లో ఆరబోసిన పసుపు, వాలిపోతున్న పొద్దు. 'ఇక పద, పొద్దుపోయింది' అనేవాళ్లు లేరు. పొయ్యి మీద ఏమీ మాడిపోవడం లేదు. అలా ఊరికే గంటసేపు కూర్చుని ఎన్నాళ్లయిందో!

మరో రోజు బ్యాంకు అమ్మాయిలతో కలిసి దగ్గర్లోని అంకాపూర్‌కు వెళ్లాం. నాటుకోడి కూరకు పెట్టింది పేరు ఆ ఊరు. ఇంట్లో అందరికీ వడ్డించేసరికి నాకు మెడ ముక్కే మిగులుతుంది. అక్కడ మాత్రం నాకిష్టమైన ముక్క నేనే ముందు వేసుకున్నాను.

ఆ రాత్రి మావారు ఫోన్ చేసి 'తోచుబాటవుతోందా?' అన్నారు. 'ఏం తోస్తుందండీ, ఎప్పుడు వచ్చి పడదామా అని ఉంది' అన్నాను. అబద్ధం! ఇల్లు వదిలి హాయిగా ఉన్నానంటే, ఇంటిమీద మమకారం లేదనుకుంటారని భయం. మగవాళ్లు క్యాంపులకెళ్లొచ్చి అక్కడి కబుర్లు చెబితే ముచ్చటగా వింటాం. అదే మనం చెబితే తప్పెలా అవుతుంది?

తిరిగొచ్చాక రెండు కిలోల పసుపు కొమ్ములు బల్లమీద పెట్టి ఉన్న మాట చెప్పేశాను. "అబద్ధం చెప్పానండీ. నాకక్కడ చాలా బాగుంది." ఆయన మొహం కాస్త చిన్నబోయింది. అత్తగారు మాత్రం కొమ్మొకటి తీసి వాసన చూస్తూ, "ఈ వయసు వచ్చినా నేను ఒక్కదాన్నీ ఏ ఊరూ చూళ్లేదే" అన్నారు నెమ్మదిగా. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేను.

ఇప్పుడు పేపర్లో ఆ ప్రాంతం పేరు కనిపిస్తే పుట్టింటి కబురులా చదువుతాను. పసుపు బోర్డు, మద్దతు ధర కావాలంటూ రైతులు బరిలోకి దిగడంతో 2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీపడ్డారు. చివరికి 2025 జనవరి 14న నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైంది. ఆ రోజు నాకు గుర్తొచ్చింది పొలంలోని ఆ పెద్దామె నవ్వే!

పనిమీద ఒంటరిగా వెళ్లేటప్పుడు చీకటి పడకముందే ఊరు చేరేలా బయల్దేరండి. బస ఎక్కడో ఇంట్లో చెప్పండి. జాగ్రత్త అవసరమే. కానీ పనయ్యాక గదిలో తలుపేసుకుని కూర్చోకండి. ఒక పూటైనా ఆ ఊరు మీకోసం చూసి రండి.

మీ మనసు దోచిన ఊరు కూడా ఒకటి ఉండే ఉంటుంది. మరి ఆ సంగతి ఇంట్లో చెప్పారా?