రాత్రి డ్యూటీల చాటున షుగరు జబ్బు
104 బండి వచ్చే వేళకు నిద్రలో ఉంటున్న కార్మికులు

దుగ్గిరాల: ఊరు సద్దుమణిగాక కూడా దుగ్గిరాలలో కొందరికి తెల్లవార్లూ పనే. పసుపు యార్డుకు పేరుపడ్డ ఈ ఊరి శీతల గిడ్డంగుల్లో మిషను ఆగడానికి వీల్లేదు. ఆపరేటరు రాత్రంతా మీటర్లు చూసుకుంటూ కూర్చోవాలి. విజయవాడ - తెనాలి లైనులో రైళ్లకు రాత్రీ పగలూ లేదు గనుక రైల్వే సిబ్బందికీ అంతే. సీజనులో లారీ ఎప్పుడొస్తే అప్పుడు లేవాల్సిన హమాలీల సంగతి చెప్పనక్కర్లేదు.

వీరితో పది నిమిషాలు కూర్చుంటే షుగరు మాట రాకుండా ఉండదు. తిండి ఎక్కువై వచ్చిన జబ్బని ఇరుగుపొరుగు తేల్చేస్తుంటారు. బస్తాలు మోసే మనిషికి తిండి ఎక్కువవడమేమిటో ఈ విలేకరికి బోధపడలేదు.

అసలు సంగతి వేళలో ఉంది. మన మెదడులో వెలుతురును బట్టి నడిచే గడియారం లాంటిది ఒకటుంది. రాత్రివేళ ఇన్సులిన్ పగటిలా చురుగ్గా పనిచేయదు. అందుచేత పగలు తినే అన్నమే అర్ధరాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. పైగా పగటి నిద్ర అరకొర. నిద్ర చాలని ఒంటికి ఆకలీ ఎక్కువే.

అమెరికాలో సుమారు 1.77 లక్షల మంది నర్సులను ఏళ్ల తరబడి గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. నెలకు మూడు రాత్రులకు తగ్గకుండా, 20 ఏళ్లకు పైగా మారుడ్యూటీలు చేసినవారికి ఈ జబ్బు ముప్పు, చేయనివారికంటే 58 శాతం ఎక్కువని తేలింది. ఒళ్లు పెరగడం కూడా అందులో ఒక కారణమే.

2021లో అక్కడే 19 మందిపై మరో చిన్న ప్రయోగం జరిగింది. రాత్రి డ్యూటీ మాదిరిగా మేల్కొని రాత్రిపూట తిన్నవారిలో చక్కెర సగటున 6.4 శాతం పెరిగింది. పగలు మాత్రమే తిన్నవారిలో పెరగలేదు. అయితే వాళ్లు పసుపు బస్తాలు మోయలేదు. మోత పనివాడు రాత్రంతా పస్తుండటం అయ్యేపని కాదు. డ్యూటీకి ముందే, పొద్దుగూకే వేళకు కడుపునిండా తిని, నడిరేయి ఉడికించిన శనగలు, మజ్జిగతో సరిపెట్టుకోవడం మాత్రం సాధ్యమే. నిద్ర ఆపుకోవడానికి తాగే టీలనూ లెక్కపెట్టుకోవాలి. గ్లాసుకు రెండు చెంచాల చొప్పున అయిదు టీలంటే పది చెంచాల పంచదార!

మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డ్యూటీ మారినప్పుడు వేళలు సొంతంగా మార్చుకోకూడదు, డాక్టరునడగాలి. మందు వేసుకుని తిండి తప్పితే చెమటలు, వణుకు పుట్టి పడిపోయే ప్రమాదముంది. అప్పుడు వెంటనే పంచదార నీళ్లు తాగాలి.

షుగరు, బి.పి. చూసే 104 బండి ఊళ్లకు వస్తూనే ఉంది. కాని వచ్చేది పగలు. రాత్రి డ్యూటీ దిగినవారు ఆ వేళకు గాఢనిద్రలో ఉంటారు. పసుపు సీజనులో ఒక్క సాయంత్రమైనా ఆ బండిని యార్డు గేటు దగ్గర నిలిపితే, డ్యూటీకి వెళ్తూ వెళ్తూ వేలు చూపించి రక్తం చుక్క ఇచ్చి పోవచ్చు.