కాలేజీ అడ్మిషన్లు, కృంగుదల – ఇంటివారు చేయవలసినది

ఇంటర్ ఫలితాలు వచ్చాక తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడిగే మాట ఒకటి ఉంది. "సిస్టర్, కాలేజీలో చేరితే అదే సర్దుకుంటుంది కదా?" అలా అని చెప్పలేము. డిప్రెషన్ అనే ఈ కృంగుదల సోమరితనం కాదు, మొండితనం కాదు. చికిత్స కావలసిన జబ్బు. రెండు వారాలకు పైగా రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి మారిపోవడం, "నేనెందుకూ పనికిరాను" అనడం కనిపిస్తే డాక్టరుకు చూపించండి.

ఈ జబ్బులో ఏకాగ్రత, నిర్ణయం తీసుకునే శక్తి బాగా తగ్గిపోతాయి. అడ్మిషన్‌కు కావలసినవి సరిగ్గా అవే. తెలంగాణలో డిగ్రీ సీట్ల కోసం 2016లో మొదలైన దోస్త్ విధానమే చూడండి. పేరు నమోదు చేసుకోవాలి, కాలేజీలను, కోర్సులను వరుసగా పెట్టుకోవాలి, సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి. చేయకపోతే ఆ సీటు పోతుంది. ఆరోగ్యంగా ఉన్నవారికే తలనొప్పి తెప్పించే పని ఇది! కృంగి ఉన్న బిడ్డ ఫోను తెరిచి, చూసి, పక్కన పెట్టేస్తే నిర్లక్ష్యం అని తిట్టవద్దు.

కనుక కాగితాల పని మీరు తీసుకోండి. గడువు తేదీలు కాలెండరు మీద రాయండి. మార్కుల మెమో, టి.సి., కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఒకే ఫైలులో పెట్టండి. ఓ.టి.పి. వచ్చే ఫోను దగ్గర ఉంచుకోండి. కానీ ఏ కోర్సు అన్నది మాత్రం బిడ్డనే అడగాలి. రోజుకు ఒక్క ప్రశ్న చాలు. చాలామందికి ఉదయం దిగులు ఎక్కువగా ఉంటుంది, సాయంత్రం అడిగి చూడండి. పక్కింటివారి పిల్లల ర్యాంకుల ప్రస్తావన అసలే వద్దు. వీలైతే ఇంటి నుండి వెళ్ళిరాగల కాలేజీ మంచిది. హాస్టలే అయితే మందులు, డాక్టరు దగ్గరకు రాకపోకలు ఎవరు చూస్తారో ముందే అనుకోండి.

కౌన్సెలింగ్ అయ్యాక వైద్యం చేయిద్దామని ఆగవద్దు. మాత్రల గుణం కనిపించడానికే సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారాలలో యువతలో కొందరికి అలజడి, చనిపోవాలనే ఆలోచనలు పెరగవచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పండి, మీకై మీరు మందు ఆపవద్దు. బాగయిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు.

ఈ ఏడాది కుదరకపోతే బలవంతంగా చేర్చకండి. ఇగ్నోలో జనవరి, జూలై రెండు విడతల్లో చేర్చుకుంటారు. హైదరాబాదులో అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా ఉంది.

"చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి జంకవద్దు. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవును అంటే ఒంటరిగా వదలకండి, పురుగుల మందు, మాత్రలు తాళం వేసి ఉంచండి, ఏ గడువు ఉన్నా పక్కన పెట్టి ఆసుపత్రికి తీసుకురండి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.