కిటికీ పక్కన సర్వపిండి

"గిదేంది బిడ్డా, పిడక లెక్కుంది!"

సంక్రాంతికి ముందు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకోవడానికి నేను తీసిచ్చిన ఫొటో చూసి మా చిన్నమ్మ అన్న మొదటి మాట ఇది. ఫొటోలో ఉన్నది సర్వపిండి. సిద్దిపేటలో ఆమె చేతి సర్వపిండి తిన్నవాళ్లెవరూ దాన్ని పిడక అనరు. కానీ రాత్రి ఎనిమిదింటికి, వంటింట్లో ట్యూబ్‌లైట్ కింద, స్టీలు పళ్లెంలో పెట్టి, నెత్తి మీంచి ఫ్లాష్ కొడితే ఏదైనా పిడకే అవుతుంది. అయినా స్టేటస్ పెట్టాం. చూసినవాళ్లు చాలామందే. ధర అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

పండగొస్తే సకినాలు, గరిజెలు, సర్వపిండి ఆర్డర్ల మీద చేసిచ్చే ఇళ్లు మా దగ్గర చాలా ఉన్నాయి. వాళ్లకి దుకాణం ఉండదు, బోర్డు ఉండదు. ఫోన్‌లో కనిపించే ఆ ఒక్క ఫొటోనే దుకాణం. అది పిడకలా ఉంటే మూసేసిన దుకాణమే. అందుకే ఫుడ్ స్టైలింగ్ అంటే స్టార్ హోటళ్ల వ్యవహారం అనుకోకండి. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. ఫోనూ, కిటికీ, కాస్త ఓపిక చాలు. ఓపికే ముఖ్యం, ఎందుకంటే వేడివేడి సర్వపిండి ఎదురుగా పెట్టుకుని పది నిమిషాలు తినకుండా ఉండాలి.

ముందు లైట్లు ఆర్పండి

అవును, ఆర్పడమే. ఇంట్లో ఉన్న బల్బులన్నీ ఆర్పేసి కిటికీ తెరవండి. బల్బు వెలుగు పసుపు, పగటి వెలుగు నీలం. రెండూ కలిస్తే ఫోన్ తికమకపడి తెల్లటి సకినానికి కూడా కామెర్లు తెప్పిస్తుంది.

మన వంటల సంగతి ఒకటుంది. తెలంగాణ వంటింట్లో సగం గోధుమరంగే. సర్వపిండి, గారెలు, వేయించిన మటన్, గరిజెలు... రంగు చూపించి మెప్పించలేం. చూపించాల్సింది గరుకుదనం. సర్వపిండి మీద వేళ్లతో పొడిచిన చిల్లులు, పైకి తేలిన పల్లీ ముక్కలు, నువ్వులు, అంచున కరకరలాడే ఎర్రటి గీత. ఇవన్నీ కనిపించాలంటే నీడ కావాలి. పైనుంచి పడే లైటు, ఫ్లాషు నీడల్ని చంపేస్తాయి. పక్క నుంచో, కొంచెం వెనక నుంచో వచ్చే వెలుగు ప్రతి చిల్లుకీ ఒక చిన్న నీడ ఇస్తుంది. నోరూరించేది ఆ నీడే.

కాబట్టి పళ్లెం కిటికీకి పక్కగా పెట్టండి. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టండి, వెలుగు మెత్తబడుతుంది. కిటికీకి ఎదురువైపు నీడ మరీ నల్లగా ఉంటే అక్కడ తెల్ల థర్మాకోల్ ముక్కో, తెల్ల చార్టో నిలబెట్టండి. వెలుగు దాని మీద పడి వెనక్కి తిరిగొస్తుంది. పెళ్లి డెకరేషన్లో మిగిలిన ముక్క అయినా సరే. మంచి కిటికీ లేని ఇళ్లలో గుమ్మం ఉంది కదా. వాకిట్లో ఎండ, లోపల నీడ ఉన్నప్పుడు గడప పక్కన వచ్చే వెలుగు స్టూడియోలో కూడా దొరకదు. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర వరకూ మాకు బాగా కుదిరింది. మిట్టమధ్యాహ్నం డాబా మీద మాత్రం వద్దు.

ఫోన్ సంగతులు త్వరగా చెప్పేస్తా. మొదట లెన్స్ తుడవండి. వంటింట్లో తిరిగిన ఫోన్ లెన్స్ మీద నూనె జిడ్డు ఉంటుంది, ఫొటోకి మంచు పట్టినట్టు వస్తుంది. మరీ దగ్గరికెళ్లి తీస్తే గుండ్రటి పళ్లెం కోడిగుడ్డులా సాగుతుంది. ఒక అడుగు వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టండి. స్క్రీన్ మీద వంట ఉన్నచోట వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్ కదలకుండా ఉంటుంది. అప్పుడు వెలుగు కొంచెం తగ్గించుకోండి. పోర్ట్రెయిట్ మోడ్ మీద నాకు నమ్మకం లేదు, కరివేపాకు కొసల్ని కూడా బ్యాక్‌గ్రౌండ్ అనుకుని మసకబారుస్తుంది.

ఇక యాంగిల్. పరిచినట్టుండేవి, అంటే పళ్లెంలో సకినాలు, సర్వపిండి, పండగ విస్తరి లాంటివి నిటారుగా పైనుంచి. గ్లాసులో అంబలి, దొంతరగా పెట్టిన రొట్టెలు ఎదురుగా. గిన్నెలో కూర అయితే మనం పీట మీద కూర్చుని చూసినట్టు ఏటవాలుగా.

స్టీలు పళ్లెంతో తంటా

మన ఇళ్లలో స్టీలు సామానే ఎక్కువ. స్టీలు అద్దం లాంటిది. నా మొదటి ఫొటోలో సర్వపిండి చుట్టూ ఫ్యాను, ట్యూబ్‌లైటు, నా ముక్కు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మెరుపు తగ్గిన పాత ఇత్తడి పళ్లెం, మట్టి మూకుడు, అరిటాకు ఏదైనా నయం. గోధుమరంగు వంటకి పచ్చటి ఆకు బాగా పొసగుతుంది. పెరుగన్నానికి ఎండిన మోదుగాకు విస్తరి వేసి చూడండి, తెలుపు ఎంత చల్లగా కనిపిస్తుందో. కింద పరచడానికి నాపరాయి బండ ఉంటే ఇంకేం కావాలి? ఆ బూడిదరంగు ఏ వంటతోనూ గొడవపడదు.

సిద్దిపేట అనగానే గొల్లభామ చీర గుర్తొస్తుంది కాబట్టి నేనూ ఉత్సాహంగా ఒకటి పరిచేశా. నెత్తిన కుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మలు వరుసగా వచ్చాయి. ఫొటో బ్రహ్మాండం, కానీ చూసిన ప్రతివాళ్లూ చీర ధర అడిగారు! అంచు మాత్రం ఓ మూల కనిపించేలా మడిచి పెడితే సరిపోయింది. పక్కన పెట్టే ప్రతి వస్తువుకీ ఇదే లెక్క. అది వంట గురించి ఏదైనా చెప్పాలి, లేదంటే తీసేయాలి. సర్వపిండి పక్కన గుప్పెడు పల్లీలు, నువ్వులు ఉంటే అందులో ఏం వేశారో తెలుస్తుంది. ప్లాస్టిక్ గులాబీ ఉంటే ఏం తెలుస్తుంది? వంటలో వేయని కొత్తిమీర కూడా పైన చల్లకండి.

ప్రొఫెషనల్ స్టైలిస్టులకి ఒక అలవాటుంది. చేసినవాటిలో అందంగా వచ్చినదాన్ని 'హీరో' అని పక్కన పెడతారు. లైటు, యాంగిల్ సరిచూసుకునేంతసేపూ మరోదాన్ని పెట్టుకుంటారు, సినిమాల్లో డూప్ లాగా. అన్నీ కుదిరాక చివర్లో హీరో వస్తుంది, తాజాగా. వేడి మీద బాగుండే వంటలకి ఈ పద్ధతి తప్పదు. మటన్ కూర మీద తేలిన నూనె మొదట్లో మెరుస్తుంది, చల్లారితే తెట్టు కడుతుంది. పచ్చి పులుసులో ఉల్లిపాయ ముక్కలు కాసేపటికి మునిగి మెత్తబడతాయి, అందుకే అవి ఫొటో తీసే క్షణంలోనే వేయాలి. పొగలు కనిపించాలంటే వెనక నల్లటి గుడ్డ ఉండాలి, వెలుగు వెనక నుంచి రావాలి. అంతకుమించి మాయ ఏం లేదు.

సకినాలకి మాత్రం ఒక రహస్యం చెప్తా. అందరూ వేయించాక తీస్తారు. కానీ నువ్వులు, వాము కలిపిన తడిపిండిని వేళ్ల మధ్య తిప్పుతూ చుట్లు చుట్లుగా గుడ్డ మీద పోస్తారు చూడండి, నూనెలో పడకముందు అవి వరుసగా ఆరుతూ ఉన్న దృశ్యమే అసలు ఫొటో. దాంట్లో చిన్నమ్మ చేయి కూడా పడితే ఇక చెప్పక్కర్లేదు.

నిజానికి రంగుల పొందిక మన ఆడవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. గునుగు పక్కన తంగేడు, దాని పక్కన బంతి, వరుస మీద వరుస బతుకమ్మ పేర్చేవాళ్లకి తెలుపు పక్కన పసుపు ఎంత వెలుగుతుందో చేతికే తెలుసు. సద్దుల బతుకమ్మ నాడు చేసే సద్దుల్నే తీసుకోండి. చింతపండు పులిహోర, నిమ్మకాయ పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం, నువ్వులన్నం. పసుపు రెండు పక్కపక్కన పెడితే కలిసిపోతాయి. తెల్లవి రెండూ అంతే. నువ్వులన్నాన్ని మధ్యలో పెట్టి చుట్టూ పసుపు, తెలుపు మార్చి మార్చి పెట్టింది మా చిన్నమ్మ. నేను పైనుంచి ఫోన్ పట్టుకుని నిలబడ్డా, అంతే నా కష్టం.

గోళీలు వేసిన సూప్

ఇంతవరకూ చెప్పింది ఉన్నదాన్ని బాగా చూపించడం. లేనిదాన్ని చూపించే విద్య కూడా ఈ రంగంలో ఉంది. ఐస్‌క్రీమ్ కరిగిపోతుందని ఆలుగడ్డ ముద్ద, పాలల్లో గింజలు మెత్తబడతాయని పాల బదులు తెల్ల జిగురు, తేనె బదులు ఇంజిన్ ఆయిల్. యూట్యూబ్‌లో ఇలాంటి చిట్కాలు కోకొల్లలు. సరదాగా చూడండి, కానీ అమ్మే సరుకు విషయంలో జోలికి వెళ్లకండి.

అమెరికాలో క్యాంప్‌బెల్ అనే పెద్ద సూప్ కంపెనీ కథ ఇది. గిన్నెలో పోస్తే కూరగాయ ముక్కలు అడుగుకి చేరుతున్నాయి, ఫొటోలో నీళ్లే కనిపిస్తున్నాయి. దాంతో గిన్నె అడుగున గాజు గోళీలు వేసి సూప్ పోశారు. ముక్కలన్నీ పైకి తేలి, గిన్నె నిండా కూరగాయలే ఉన్నట్టు కనిపించాయి. అక్కడి వాణిజ్య సంస్థ, ఫెడరల్ ట్రేడ్ కమిషన్, దీన్ని పట్టుకుంది. 1970లో ఇకపై అలా చేయకూడదని ఆదేశం వచ్చింది. సూప్ అసలుదే, ముక్కలూ అసలువే. అబద్ధమంతా గోళీల్లో ఉంది.

మటన్ కూర తీసేటప్పుడు మనకీ ఇదే ఇబ్బంది, ముక్కలు పులుసులో మునిగిపోతాయి. గోళీలు అక్కర్లేదు. లోతు గిన్నె వదిలేసి పళ్లెంలాంటి వెడల్పు గిన్నె తీసుకుని, పులుసు తక్కువ పోసి, ముక్కల్ని పైకి తిప్పండి. కొన్నవాళ్లు ఇంటికెళ్లి వడ్డించుకున్నా అలాగే కనిపిస్తుంది.

2012లో మెక్‌డొనాల్డ్స్ కెనడా వాళ్లు ఒక వీడియో పెట్టారు. ప్రకటనలో బర్గర్‌కీ, చేతికొచ్చే బర్గర్‌కీ అంత తేడా ఎందుకని ఒకావిడ అడిగితే, ఫొటో షూట్ మొత్తం చూపించారు. స్టైలిస్ట్ ఉల్లిపాయ ముక్కల్ని ఒక్కొక్కటిగా కెమెరా వైపు అంచుకి జరపడం, సిరంజితో సాస్ చుక్కలు పెట్టడం, చివర్లో కంప్యూటర్‌లో మెరుగులు దిద్దడం అన్నీ అందులో ఉన్నాయి. పదార్థాలు దుకాణంలో వాడేవే. మన దేశంలో కూడా ఆహార ప్రకటనల మీద ఫుడ్ సేఫ్టీ సంస్థ 2018లో నిబంధనలు తెచ్చింది, తప్పుదోవ పట్టించే ప్రకటనలు కుదరవని. మా చిన్నమ్మకి ఇవేవీ తెలియవు. కానీ రెండో ఫొటో చూడగానే ఆమె అడిగింది మాత్రం ఇదే.

"మంచిగనే ఉంది గని, గింత పెద్దగ కనవడుతుందేంది? వచ్చినంక చిన్నగుంటే నన్నే అంటరు. రేపు మార్కెట్ల ఎదురైతరు బిడ్డా."

దగ్గరగా తీయడం వల్ల సర్వపిండి నిజంగానే చాటంత కనిపిస్తోంది. పక్కన ఒక చాయ్ గ్లాసు పెట్టి మళ్లీ తీశాం. గ్లాసు ఎంతుంటుందో అందరికీ తెలుసు కాబట్టి సర్వపిండి కొలత కూడా తెలిసిపోతుంది. హైదరాబాద్‌లో యాప్‌లో ఆర్డర్ పెట్టినవాళ్లకి వండినవాళ్ల మొహం తెలియదు. మా ఊళ్లో అలా కాదు.

ఏఐ బొమ్మలు వాడొచ్చు కదా అని మా తమ్ముడి సలహా. సరే అని సకినాలు గీయమని ఒక యాప్‌ని అడిగా. జిలేబీకీ మురుకుకీ మధ్యలో ఏదో బంగారు చక్రం ఇచ్చింది. అది చూసి ఆర్డర్ ఇచ్చినవాళ్లకి ఏం పంపాలి? గూగుల్‌లో ఎవరిదో ఫొటో ఎత్తి పెట్టడమూ ఇంతే. ఎడిటింగ్ చేయాలనుకుంటే వెలుగు కాస్త పెంచండి, పసుపు ఎక్కువైతే తగ్గించండి. రంగులు పెంచే మీట ముట్టుకుంటే కారం నెత్తురులా మారుతుంది.

ఏ హంగులూ లేకుండా ప్రపంచం కళ్లు తిప్పుకున్నవాళ్లు మన దగ్గరే ఉన్నారు. కంట్రీ ఫుడ్స్ ఛానల్‌లో కనిపించిన గుంటూరు జిల్లా మస్తానమ్మ 2018లో చనిపోయేనాటికి వందేళ్లు దాటిన మనిషి. పొలంలో పొయ్యి పెట్టి, పుచ్చకాయ లోపల చికెన్ వండితే లక్షలమంది చూశారు. గ్రాండ్‌పా కిచెన్ నారాయణ రెడ్డి తాత కూడా అంతే, ఆరుబయట పెద్ద పెద్ద పాత్రల్లో వండి అనాథ పిల్లలకి పెట్టేవాడు. 2019లో ఆయనా వెళ్లిపోయాడు. ఆ వీడియోల్లో థర్మాకోల్ లేదు. చెట్టు కింద మెత్తటి వెలుగుంది, పచ్చటి ఆకుంది, వండే చేయి కనిపిస్తుంది. కిటికీ దగ్గర మనం అవస్థపడి తెచ్చుకునేవి అక్కడ వాటంతట అవే ఉన్నాయి.

చాయ్ గ్లాసు ఉన్న ఫొటో స్టేటస్‌లో పెట్టాక మధ్యాహ్నానికల్లా ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయన సర్వపిండితోపాటు ఆ గ్లాసులో చాయ్ కూడా వస్తుందా అని అడిగాడట. ఫొటోలో నటించిన సర్వపిండి, హీరో, డూప్ రెండూ, చాయ్‌తో మేమే తినేశాం. రేపు పొద్దున ఎనిమిదింటికి గరిజెలు తీయాలి. కిటికీ దగ్గరున్న బియ్యం డబ్బా జరిపి, పంచె ఉతికి ఆరేసింది చిన్నమ్మ.