ఇడ్లీ బండి చెప్పే లెక్క



మన ఇళ్ళలో నెలకోసారి తప్పకుండా జరిగే సంగతి ఒకటి ఉంది. నాన్నగారికో అమ్మకో జీతం వస్తుంది. బదిలీ అయి కొత్త ఊరు వెళ్ళినా ఆ జీతం మన వెంటే వస్తుంది. నాన్నగారి బదిలీల వల్ల నాకు ఇది మూడో స్కూలు. ఊళ్ళు మారాయి, క్వార్టర్లు మారాయి, స్నేహితులు మారారు. జీతం వచ్చే తేదీ మాత్రం మారలేదు. అందుకే, జీతం ఆగిపోవడం కూడా ఉంటుందని చాలాకాలం నాకు తట్టనే లేదు.

మనం ఉంటున్న బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి ఇక్కడ తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఇప్పుడు ఆగ్నేయ మధ్య రైల్వేకి ఇదే కేంద్రం. రైల్వేలో పర్మినెంటు ఉద్యోగుల పక్కనే కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళు, స్టేషన్లో తినుబండారాలు అమ్మేవాళ్ళు, సామాన్లు మోసేవాళ్ళు కూడా ఉంటారు. 2020 మార్చిలో కరోనా వల్ల ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయాయి. రైళ్ళు ఆగినా మన ఇళ్ళకు జీతం వచ్చింది. ప్లాట్‌ఫారం మీద టీ అమ్మేవాళ్ళకు ఆ రోజు నుంచే రాబడి ఆగిపోయింది.

తెలుగు రాష్ట్రాల్లో అదే సమయంలో ఇంకో సంగతి జరిగింది. బడులు మూతపడడంతో ఎందరో ప్రైవేటు స్కూలు టీచర్లకు జీతాలు ఆగిపోయాయి, కొందరికి ఉద్యోగాలే పోయాయి. నిన్నటిదాకా లెక్కలు, సైన్సు చెప్పినవాళ్ళు కూరగాయలు, అరటిపళ్ళు అమ్మారు, టిఫిన్ బండ్లు పెట్టారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు ఉన్న ప్రైవేటు స్కూళ్ళ టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించింది. ఆ సాయం అందేలోపు ఏడాది గడిచింది. ఆ ఏడాది చాలా ఇళ్ళు నడిచింది ఇలాంటి చిన్న చిన్న వ్యాపారాల మీదే.

ఉద్యోగం పోయినవాళ్ళు సొంతంగా చిన్న వ్యాపారం పెట్టుకుంటే అది ఎలా నడుస్తుంది? ఎక్కడ దెబ్బతింటుంది? ఒక ఉదాహరణతో చూద్దాం. ఇందులోని అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి.

ముందు ఇల్లు, తరువాత బండి

కాంట్రాక్టు పని పోయిన ఒకాయన కోనీలో ఇడ్లీ బండి పెట్టాలనుకున్నాడని అనుకుందాం. కోనీ అర్పా నది దగ్గర, రతన్‌పూర్ వెళ్ళే దారిలో ఉంది. 1983లో మొదలై 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. ఐ.టి.ఐ. కూడా ఉంది. పొద్దున్నే ఆకలితో బయలుదేరే విద్యార్థులకు అక్కడ కొదవ ఉండదు. చోటు మంచిదే.

డబ్బు మాటేమిటి? మన కార్మిక చట్టాల ప్రకారం, కనీసం ఏడాది వరుసగా పనిచేసిన కార్మికుణ్ణి పని లేదని తీసేస్తే, పనిచేసిన ఒక్కొక్క ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఇవ్వాలి. పి.ఎఫ్. కట్టినవాళ్ళకు ఆ సొమ్ము ఉంటుంది. ఇవన్నీ కలిపి ఆయన చేతికి 60,000 రూపాయలు వచ్చాయనుకుందాం.

చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. చేతిలో ఉన్నదంతా తీసుకెళ్ళి బండికి, సామాన్లకు పెట్టేస్తారు. కొత్త బండికి మొదటి రోజే జనం రారు. నెల తిరిగేసరికి ఇంటి అద్దెకు, పిల్లల ఫీజుకు డబ్బు ఉండదు. అప్పుడు పిండికి ఉంచిన డబ్బు ఇంటికి వాడేస్తారు. పిండి లేక బండి ఆగిపోతుంది. కాబట్టి ముందు మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాలి. నెలకు 12,000 చొప్పున 36,000. ఇక మిగిలింది 24,000.

బండి, పొయ్యి, ఇడ్లీ పాత్రలు, పాత గ్రైండరు కలిపి 35,000, మొదటి వారం సరుకులకు 4,000, మొత్తం 39,000 కావాలి. అంటే 15,000 తక్కువ పడింది. అది అప్పు చెయ్యాలి. ఆ అప్పు ఎక్కడ దొరుకుతుందో తరువాత చెబుతాను.

ఒక్క ప్లేటులో ఎంత మిగులుతుంది?

ప్లేటు ఇడ్లీ 30 రూపాయలు. అందులో బియ్యం, మినప్పప్పు, చట్నీ, సాంబారు, గ్యాసు, ఆకు ప్లేటు అన్నీ కలిపి 17 రూపాయల 50 పైసలు అవుతాయనుకుందాం. మిగిలేది 12 రూపాయల 50 పైసలు.

అమ్మినా అమ్మకపోయినా తప్పని ఖర్చులు వేరే ఉన్నాయి. రోజుకు అప్పు కిస్తీకి 60, గ్రైండరు కరెంటుకు 40, బండి నిలిపే చోటుకు, రుసుములకు 50, మరమ్మతులకు 50. మొత్తం 200 రూపాయలు. 200ని పన్నెండున్నరతో భాగిస్తే 16 వస్తుంది. మొదటి 16 ప్లేట్లు ఖర్చులకే పోతాయి. పదిహేడో ప్లేటు నుంచే ఆ ఇంటికి తిండి.

రోజుకు 60 ప్లేట్లు అమ్మితే, 16 పోగా 44 ప్లేట్ల మీద 550 రూపాయలు మిగులుతాయి. నెలకు 26 రోజులు నడిస్తే 14,300. పర్వాలేదు అనిపిస్తుంది. కానీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి, చట్నీ చూసుకునేది ఆయన ఒక్కడే కాదు, ఆయన భార్య కూడా. అది ఇద్దరి కష్టం. మనిషికి రోజుకు 275 పడింది. చాలా ఇళ్ళలో "లాభం" అని చెప్పుకునేది నిజానికి లాభం కాదు, లెక్కలో రాయని అమ్మ కూలీ.

విశ్వవిద్యాలయానికి సెలవులిచ్చాక 30 ప్లేట్లే అమ్ముడయ్యాయనుకోండి. 16 పోగా 14 ప్లేట్ల మీద 175 రూపాయలే. అమ్మకం సగానికి తగ్గితే ఇంటికి వచ్చేది మూడో వంతు కూడా లేదు. పైగా బిలాస్‌పూర్ మే ఎండలకు మిగిలిన పిండి మర్నాటికి పులిసిపోతుంది. అందుకే తెలిసినవాళ్ళు సెలవుల కోసం ముందే కొంత దాచుకుంటారు, పిండి తగ్గించి రుబ్బుకుంటారు, లేదా ఆ రోజుల్లో ఇళ్ళకు ఇడ్లీ పిండి అమ్ముతారు.

అప్పు ఎక్కడ, ఎంత?

"అప్పు చేసి పప్పు కూడు" అని మన పెద్దలు ఎగతాళి చేశారు. తినడానికి చేసే అప్పు వేరు, గ్రైండరు కొనడానికి చేసే అప్పు వేరు. గ్రైండరు తన కిస్తీ తానే సంపాదిస్తుంది. అయితే ఆ అప్పుకు వడ్డీ తక్కువగా ఉండాలి. వీధి వ్యాపారులు చాలామంది పొద్దున తీసుకుని సాయంత్రం తీర్చే చేబదుళ్ళ మీద బతుకుతారు. ఆ వడ్డీ రోజు సంపాదనలో పెద్ద ముక్కను తినేస్తుంది.

అందుకే 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం పట్టణాల్లోని వీధి వ్యాపారుల కోసం పి.ఎం. స్వనిధి పథకం మొదలుపెట్టింది. హామీగా ఏమీ పెట్టకుండా బ్యాంకు మొదట 10,000 రూపాయలు ఇచ్చేది. సకాలంలో తీరిస్తే 20,000, అదీ తీరిస్తే 50,000. 2025లో మొదటి అప్పును 15,000కి, రెండోదాన్ని 25,000కి పెంచారు. వేళకు కట్టినవాళ్ళకు వడ్డీలో 7 శాతం రాయితీ ఉంటుంది. ఇంకొంచెం పెద్ద పనికి 2015లో మొదలైన ముద్రా పథకం ఉంది. అందులో "శిశు" విభాగం కింద 50,000 దాకా ఇస్తారు. ఇవేవీ దానాలు కావు, తిరిగి కట్టవలసిన అప్పులే. కానీ ఒకటి గమనించండి. స్వనిధిలో రెండో అప్పుకు అర్హత ఆస్తి కాదు, మొదటి అప్పు తీర్చిన తీరు. మాట నిలబెట్టుకోవడమే అక్కడ ఆస్తి.

పని రానివాళ్ళకు నేర్పే చోట్లు కూడా ఉన్నాయి. 1982లో కర్ణాటకలోని ఉజిరేలో ధర్మస్థల వీరేంద్ర హెగ్గడేగారు, రెండు బ్యాంకులు కలిసి యువకులకు సొంత ఉపాధి నేర్పే సంస్థ పెట్టారు. ఆ పద్ధతి నచ్చి, ఇప్పుడు దేశంలో చాలా జిల్లాల్లో బ్యాంకులు ఆర్‌సెటి అనే శిక్షణ కేంద్రాలు నడుపుతున్నాయి. అక్కడ పల్లె యువతకు పనితోపాటు లెక్క రాయడం కూడా ఉచితంగా నేర్పుతారు. ఇక రోడ్డు పక్క బండి పెట్టుకునే హక్కును 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం కాపాడుతుంది. పురపాలక సంస్థ సర్వే చేసి వ్యాపారికి ధ్రువపత్రం ఇవ్వాలి. ఆ కాగితం ఉంటే "బండి తియ్యి" అన్నవాళ్ళకు జవాబు ఉంటుంది.

లెక్కలో కనిపించని పెట్టుబడి

ఇంత లెక్క చూశాక నాకు ఒక ప్రశ్న వచ్చింది. అదే బండి, అదే పిండి, అదే మనుషులు. ఇంకో ఊరు తీసుకెళ్ళి పెడితే 60 ప్లేట్లు అమ్ముడవుతాయా? మొదట్లో అవ్వవు. ఎందుకంటే ఆ పెట్టుబడిలో సగం డబ్బు కాదు, ముఖపరిచయం. "ఈయన ఇడ్లీ శుభ్రంగా ఉంటుంది" అని జనానికి తెలియడానికి నెలలు పడుతుంది. "ఈ అబ్బాయి డబ్బు రేపు తెచ్చి ఇస్తాడు" అని ఆయనకు తెలియడానికి కూడా అంతే. మన నాన్నల ఉద్యోగం బదిలీ అవుతుంది, ఇడ్లీ బండి బదిలీ అవ్వదు.

ఇక్కడే మన సంగతి వస్తుంది. మనలాంటి కుటుంబాలు చిన్న కొట్లలో, బండ్ల దగ్గర ఖాతా పెడతాయి. తెలంగాణలో ఉద్దెర అంటారు, ఇక్కడ హిందీలో ఉధార్ అంటారు, కోస్తాలో అరువు అంటారు. జీతం రాగానే తీరుస్తాం. కానీ బదిలీ ఉత్తర్వు వచ్చిన వారం ఇల్లంతా హడావిడి. టీ.సీ. తీసుకోవాలి, సామాను కట్టాలి, లారీ మాట్లాడాలి. ఆ హడావిడిలో పాలు, పేపరు, టిఫిన్ ఖాతాలు మరిచిపోవడం నేను మా ఇంట్లోనే చూశాను. కొత్త ఊరు చేరాక మా అమ్మకు గుర్తొచ్చింది. అప్పటికి ఆ ఊళ్ళో డబ్బు ఎవరి చేత పంపాలో తెలియలేదు. చివరికి పాత పక్కింటివాళ్ళ ద్వారా పంపాం. మొత్తం 90 రూపాయలు. "ఇంత చిన్న మొత్తానికి ఇంత తాపత్రయమా" అని అప్పుడు అనుకున్నాను.

ఇప్పుడు లెక్క వేసి చూశాను. 90 రూపాయలంటే మూడు ప్లేట్లు. వాటి సరుకు ఖర్చే 52 రూపాయల 50 పైసలు. అది పూడ్చుకోవడానికి ఆయన ఇంకో నాలుగు ప్లేట్లకు పైగా అమ్మాలి. ఒక కాలనీ నుంచి ఏడాదికి పది కుటుంబాలు ఇలాగే వెళ్ళిపోతే? "అప్పు రేపు" అని బోర్డు ఎందుకు పెడతారో నాకు అప్పుడు అర్థమైంది. ఆ బోర్డు చూసి ఇక నేను నవ్వను.

ఉద్యోగం పోయిన మనిషి మళ్ళీ నిలబడాలంటే ఆయన కష్టం కావాలి, సరైన లెక్క కావాలి, తక్కువ వడ్డీకి అప్పు కావాలి. వీటితోపాటు చుట్టూ ఉన్న మనుషుల నిజాయితీ కూడా కావాలి. మొదటి మూడూ మన చేతిలో లేవు. నాలుగోది మాత్రం మన చేతిలోనే ఉంది.

ఈసారి ఇంట్లో బదిలీ మాట వినిపించగానే ఒక కాగితం తీసుకోండి. పాలు, పేపరు, ఇస్త్రీ, టిఫిన్, కిరాణా అని వరసగా రాసి, ఎవరికి ఎంత ఇవ్వాలో అమ్మను అడిగి పక్కన వేయండి. లారీ రాకముందే మీరే వెళ్ళి అందరికీ ఇచ్చి రండి.