పల్నాటి ఎడ్లు – వేపేరి వైద్యులు

1967లో నాగార్జునసాగరం కాలువలకు నీరు వదలకముందు పల్నాడు ప్రధానంగా మెట్టసీమ. తొలకరి పడిన నాలుగు రోజులలో దుక్కి ముగించి విత్తనం వేయవలెను. అదను తప్పితే ఆ ఏటికి పంట లేదు. కాబట్టి కాడికి ఎడ్లు లేని రైతుకు పొలం ఉన్నా లేనట్లే. అట్టి సీమలో ఊరి పశువులన్నిటికీ ఒకేసారి రోగం తగిలితే కలిగే నష్టం కరవుకు ఏమాత్రం తీసిపోదు.

అట్టి రోగాలలో ఘోరమైనది ముసర వ్యాధి. మొదట జ్వరం, పిమ్మట కంట నీరు, ముక్కున చీమిడి, నోట పుండ్లు, చివరకు ఆగని పారుడు. చాలా పశువులు వారం పది రోజులలోనే చనిపోయేవి. దీనికి కారణం ఒక వైరస్. రోగపు పశువు శ్వాస వలన, అది మూతి పెట్టిన తొట్టి వలన ఇది ప్రక్క పశువుకు అంటుకొనును. ఒకే చెరువులో నీరు త్రాగి, ఒకే బీటిలో మేసే మందలో దీనికి అడ్డేమున్నది?

ఈ నష్టాన్ని ప్రభుత్వం గుర్తించకపోలేదు. పశువుల అంటురోగాలను గూర్చి మద్రాసు రాజధానిలో 1866లోనే ఒక చట్టం చేసినారు. 1869లో భారత ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించినది. అయితే చట్టం రోగపు పశువును వేరు చేయుమని చెప్పగలదు గాని రోగాన్ని ఆపలేదు. ఆపే సాధనం ప్రయోగశాలనుండి రావలసి ఉన్నది. 1889లో పూనాలో నెలకొల్పిన బాక్టీరియా పరిశోధనశాలను 1893లో హిమాలయ ప్రాంతంలోని ముక్తేశ్వర్‌కు మార్చినారు. 1899లో అక్కడ ముసర వ్యాధికి సీరం తయారైనది.

సీరం అనగా నేమి? రోగం వచ్చి బ్రతికిన పశువు రక్తంలో ఆ రోగాన్ని ఎదిరించే పదార్థాలు పుట్టును. అట్టి ఎద్దుకు రోగపు రక్తాన్ని మరల మరల ఎక్కించిన కొలది ఆ పదార్థాలు వృద్ధి పొందును. దాని నెత్తురు తీసి, గడ్డకట్టిన భాగాన్ని తొలగించగా మిగిలిన ద్రవమే సీరం. దీనిని సూదితో ఎక్కించిన పశువుకు వెంటనే రక్షణ కలుగును. కాని అది అరువు తెచ్చుకొన్న బలం. సుమారు రెండు వారాలలో తీరిపోవును. కాబట్టి రోగం కనిపించిన వెంటనే ఊరికి వైద్యుడు చేరవలెను. ముందుగా వస్తే మందు వృథా. ఆలస్యంగా వస్తే పశువు ఉండదు.

అందుచేత సీరంతోపాటు దానిని వాడ నేర్చిన మనుష్యులు కావలసివచ్చినారు. 1903 అక్టోబరు 1న మద్రాసు వేపేరిలోని డాబిన్ హాలులో ఇరవై మంది విద్యార్థులతో పశువైద్య కళాశాల ప్రారంభమైనది. మూడేండ్లు చదివి పట్టా పొందిన వారు జిల్లాలలో పశువైద్యులుగా చేరి, ఆసుపత్రులలో చికిత్స చేయుటయే గాక పల్లెల వెంట తిరుగవలసి ఉండేది. 1936లో ఈ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమై, దేశంలో అట్టి స్థానం పొందిన మొదటి పశువైద్య కళాశాల అయినది.

అసలు చిక్కు కళాశాలకు, పల్లెకు మధ్య ఉన్న దూరంలో ఉన్నది. పల్లెలో రోగం పుడితే మునసబు పైకి వ్రాయవలెను. ఆ కబురు అంది వైద్యుడు బయలుదేరునంతలో రోగం ప్రక్క ఊరికి ప్రాకేది. నమ్మకం మరొక చిక్కు. అడవిలో పశువులను మేపుకొన్నందుకు ప్రభుత్వం పుల్లరి వసూలు చేసేది. దానిని కట్టబోమని 1921–22లో పల్నాటి రైతులు తిరుగబడినారు. వారి నాయకుడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులకు బలి అయినాడు. పశువు పేర పన్ను గుంజే ప్రభుత్వమే పశువుకు సూది వేయ మనిషిని పంపితే, రైతు వెంటనే నమ్మి దొడ్డి తలుపు తీస్తాడా?

1920ల చివర ముక్తేశ్వర్‌లో ఎడ్వర్డ్స్ అను శాస్త్రజ్ఞుడు ముసర వైరస్‌ను మేకనుండి మేకకు అనేకమార్లు ఎక్కించి, దాని తీవ్రత తగ్గించి టీకా తయారు చేసినాడు. సీరం అరువు బలమైతే, టీకా వలన పశువు తన బలాన్ని తానే సంపాదించుకొనును. అది ఏండ్ల తరబడి నిలుచును. దీనితో వైద్యుడు రోగం వెంట పరుగెత్తవలసిన పని తప్పినది. రోగం రాకమునుపే ఊరికి పోవచ్చును.

స్వాతంత్ర్యం తరువాత 1954లో దేశవ్యాప్తంగా ముసర నిర్మూలన పథకం మొదలైనది. 1955లో బాపట్లలో ఆంధ్ర పశువైద్య కళాశాల వెలసి, 1957లో తిరుపతికి మారినది. తెలుగు జిల్లాలకు వైద్యులు ఇక్కడినుండి కూడా రాసాగినారు. మన దేశంలో చివరిసారి ఈ వ్యాధి 1995లో కనిపించినది. 2011లో ప్రపంచమంతటా అది అంతరించినదని ప్రకటించినారు. మశూచి తరువాత మానవుడు నిర్మూలించిన వ్యాధి ఇదొక్కటే.

ముక్తేశ్వర్ సీరానికి, ఈ ప్రకటనకు మధ్య నూటపన్నెండేండ్లు గడిచినవి. మందు కనిపెట్టుట ఒక మెట్టు. దానిని దొడ్డి వరకు చేర్చుట, దొడ్డి తలుపు తీయించుట మిగిలిన మెట్లు. గాలికుంటు టీకాలు వేస్తున్న నేటి పశువైద్యుడు ఎక్కవలసినవీ ఈ మెట్లే.