కొనేది ఎవరు?

నాలుగేళ్లుగా పలకరింపు లేని క్లాస్‌మేట్ ఉన్నట్టుండి ఫోన్ చేస్తాడు. యోగక్షేమాలు అయ్యాక, "ఆదివారం సాయంత్రం ఏడింటికి ఖాళీయేనా? జూమ్ మీటింగ్ ఉంది, మా సార్ మాట్లాడతారు" అంటాడు. ఏం వ్యాపారం రా అని అడిగితే, "అన్నీ అక్కడే చెబుతారు, నువ్వు రా చాలు" అంటాడు. మీటింగ్‌లో మొదటి అరగంట ఈఎంఐల గురించి, ఉద్యోగంలో అలసట గురించి, అమ్మానాన్నలకు కట్టించాల్సిన ఇంటి గురించి. ఆ తర్వాత కొత్త కారు ఫొటో. సరుకు సంగతి చివర్లో వస్తుంది, అదీ రెండు నిమిషాలు.

నెట్‌వర్క్ మార్కెటింగ్ చాలామందికి ఇప్పుడు ఇలాగే పరిచయమవుతోంది. హోటల్ హాల్లో బోర్డు మీద గీసే సున్నాలు ఫోన్ తెర మీదికి వచ్చాయి. మాటలు మాత్రం పాతవే: చేర్పించినవాళ్లు అప్‌లైన్, వాళ్ల కింద చేరినవాళ్లు డౌన్‌లైన్, ఆ కింది జట్టులో రెండు పాయలు లెఫ్ట్ లెగ్, రైట్ లెగ్.

ఇందులో నిలదొక్కుకోవాలనుకునేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. జట్టులో చేరకుండా, కమిషన్ మీద ఆశ లేకుండా, ఆ ధర పెట్టి ఆ సరుకు కొనేవాళ్లు ఎంతమంది?

అలా కొనేవాళ్లు ఉన్న వ్యాపారం ఒకటి చూద్దాం. అమెరికాలో 1950ల్లో బ్రౌనీ వైజ్ అనే మహిళ టప్పర్‌వేర్ డబ్బాలను ఇళ్లలో పెట్టే పార్టీల్లో అమ్మించింది. గిన్నె నిండా ద్రవం పోసి, మూత బిగించి, గది ఈ చివరి నుంచి ఆ చివరికి విసిరేది. చుక్క కారేది కాదు. చూసిన ఆడవాళ్లు డబ్బా కొనుక్కుని వెళ్లేవారు. 1951లో కంపెనీ దుకాణాల్లో అమ్మకం మానేసి ఈ దారే పట్టింది. వచ్చిన అతిథుల్లో అందరూ అమ్మకందారులు కానక్కర్లేదు, ఎందుకంటే ఆదాయం డబ్బా మీద వచ్చేది.

మనుషులను చేర్పించే గొలుసు మీదే ఆదాయం వచ్చే పథకాల లెక్క వేరు. ఒక్కొక్కరు ఆరుగురిని చేర్పించాలనుకుందాం. మొదటి మెట్టులో 6, రెండో మెట్టులో 36, మూడులో 216. పదో మెట్టు దాటేసరికి చేరినవాళ్లు దాదాపు 7 కోట్ల 25 లక్షలు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం జనం, చంటిపిల్లలతో సహా, సుమారు 8 కోట్ల 46 లక్షలు. పదకొండో మెట్టుకే 36 కోట్ల మంది కావాలి. ఎవరు ఎంత కష్టపడినా ఈ కూడిక మారదు. అందుకే "నువ్వు సరిగ్గా కష్టపడలేదు" అని అప్‌లైన్ అనే మాట క్రూరమైనది. చివర చేరినవాడికి కష్టపడే చోటే మిగలదు.

ఈ వ్యవహారం తెలుగు నేల మీదే కోర్టుకెక్కింది. 2006లో ఉమ్మడి రాష్ట్ర సీఐడీ నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీ ఆమ్‌వే కార్యాలయాల్లో సోదాలు చేస్తే కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. ఆ పథకం 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం కిందికి వచ్చేలా ఉందని 2007లో హైకోర్టు అభిప్రాయపడింది. 2022 ఏప్రిల్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) అదే కంపెనీకి చెందిన రూ.757 కోట్ల ఆస్తులను తాత్కాలికంగా జప్తు చేసింది. దర్యాప్తుకు సహకరిస్తున్నామని కంపెనీ చెప్పింది.

నేరుగా అమ్ముకోవడం మాత్రం నేరం కాదు. 2021 డిసెంబరులో కేంద్రం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు పిరమిడ్ పథకాలను నిషేధించి, మిగతా వ్యాపారానికి దారి చూపాయి. చేర్చుకోవడానికి రుసుము తీసుకోకూడదు. రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఫిర్యాదులు వినే అధికారి ఉండాలి. చేరడానికే డబ్బు అడిగిన క్షణంలోనే వెనక్కి వచ్చేయవచ్చు. చిక్కుల్లో పడితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

ఆన్‌లైన్‌లో నిజంగా అమ్మగలిగేవాళ్లు కారు ఫొటోలు పెట్టరు. సరుకు వాడి చూపిస్తారు, ధర ముందే రాస్తారు, బాగోలేదంటే వెనక్కి తీసుకుంటారు. ఒక్కసారి కొన్నవాళ్లు మళ్లీ అడిగితేనే అది వాళ్లకు గిరాకీ. ఈ పొడి తాగితే షుగర్ తగ్గిపోతుందని స్టేటస్ పెట్టరు. అలాంటి ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది.

ఆదాయం ఎంతన్నది మీటింగ్‌లో ఎవరూ చెప్పరు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 70 కంపెనీలు తామే వెల్లడించిన ఆదాయ వివరాలను పరిశీలించి 2024లో నివేదిక ఇచ్చింది. చేరినవాళ్లలో ఎక్కువమందికి వచ్చింది ఏడాదికి 1,000 డాలర్లు లేదా అంతకన్నా తక్కువ. నెలకు 84 డాలర్ల లోపే. అదీ ఖర్చులు తీయకముందు. ఆ ఖర్చుల్లో మొదటి నెల కొన్న కిట్ ఉంటుంది, టార్గెట్ తప్పకూడదని సొంత డబ్బుతో కొని మంచం కింద పెట్టుకున్న షాంపూ సీసాలు కూడా ఉంటాయి.