జిమ్‌లో అడగని సలహాలు: పాతవాళ్లకు చిరాకు ఎందుకు?

మగ్రిబ్ తర్వాత మెహదీపట్నం, టోలిచౌకి, మలక్‌పేట వైపు ఏ జిమ్‌కు వెళ్లినా రద్దీయే. ఎనిమిదేళ్లో పదేళ్లో బరువులు ఎత్తిన మనిషి భుజాల మీద బార్ పెట్టుకుని స్క్వాట్ చేస్తుంటాడు. సెట్ సగంలో ఉంటుంది. ఇంతలో జిమ్ టీషర్ట్ వేసుకున్న కుర్రాడొకడు పక్కకు వచ్చి "భాయ్, మోకాళ్లు కాలివేళ్లు దాటి ముందుకొస్తున్నయి. ఇట్ల చేస్తే మోకాళ్లు పోతయి" అంటాడు. బార్ స్టాండు మీద పెట్టి, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్ తీసి, ఆ మాట మళ్లీ చెప్పించుకుని వినాలి. చివరికి తేలేది ఏమిటంటే, "మీకు పర్సనల్ ట్రైనింగ్ కావాలి భాయ్, ఈ నెల ఆఫర్ ఉంది".

ఏళ్ల తరబడి జిమ్‌కు వెళ్లేవాళ్లను కదిలిస్తే దాదాపు అందరూ ఇలాంటిదే ఒకటి చెబుతారు. ట్రైనర్ కాకపోతే పక్కన కసరత్తు చేసే మరో సభ్యుడు. మూడు నెలల క్రితం చేరినవాడు పదేళ్లుగా చేస్తున్నవాడికి డంబెల్ ఎలా పట్టుకోవాలో నేర్పిస్తాడు. వినడానికి నవ్వొచ్చే విషయమే. కానీ దీని వెనక డబ్బు ఉంది, ఒక్కోసారి ఆరోగ్యానికి ముప్పు కూడా ఉంది. ఇంట్లో పిల్లలు జిమ్‌కు వెళుతుంటే తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి ఇందులో చాలా ఉన్నాయి.

సలహా వెనక లెక్క

జిమ్‌లో నెలవారీ ఫీజు ఒకటి, పర్సనల్ ట్రైనింగ్ ఫీజు మరొకటి. ఆ రెండోదాన్నే అందరూ పీటీ అంటారు. హాల్లో తిరుగుతూ అందరినీ చూసుకునే ఫ్లోర్ ట్రైనర్‌కు జీతం తక్కువ. పీటీకి మనిషిని ఒప్పిస్తే ఆ ఫీజులో వాటా వస్తుంది. చాలా జిమ్‌లలో నెలకు ఇంతమందిని చేర్చాలని టార్గెట్ కూడా పెడతారు. పౌడర్ డబ్బా అమ్మితే దానిమీద కమీషన్ వేరే. అంటే తప్పు పట్టడం అతనికి అమ్మకంలో మొదటి మెట్టు. "మీరు బాగా చేస్తున్నారు" అంటే బేరం కుదరదు కదా.

ఇందులో ఆ కుర్రాడిని మాత్రమే నిందించడం న్యాయం కాదు. పొద్దున్న ఐదింటికి వచ్చి, మధ్యాహ్నం ఇంటికెళ్లి, మళ్లీ రాత్రి పది దాకా నిలబడే ఉద్యోగం అది. యజమాని పెట్టిన పద్ధతే అతని నోటితో అలా మాట్లాడిస్తోంది.

చదువు సంగతి చూస్తే, డాక్టర్ ప్రాక్టీస్ చేయాలంటే మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. జిమ్ ట్రైనర్‌కు మన దేశంలో అలాంటి తప్పనిసరి లైసెన్సు లేదు. జాతీయ నైపుణ్యాభివృద్ధి వ్యవస్థ కింద క్రీడలు, ఫిట్‌నెస్ రంగానికి స్కిల్ కౌన్సిల్ ఒకటుంది, అది సర్టిఫికెట్ ఇస్తుంది. ఏస్, ఎన్ఏఎస్ఎం లాంటి అమెరికా సంస్థల సర్టిఫికెట్లు ఉన్నవాళ్లూ నగరంలో ఉన్నారు. ఆ రెండింటికీ సీపీఆర్ శిక్షణ పొంది ఉండటం తప్పనిసరి. అయితే ఇవేవీ లేకుండా కండలు చూపించి ఉద్యోగంలో చేరినా అడిగేవాడు లేడు. కొత్త జిమ్‌లో చేరేటప్పుడు "సీపీఆర్ వచ్చినవాళ్లు ఎవరున్నారు?" అని అడిగితే చాలు, ఆ జిమ్ సంగతి చాలావరకు తెలిసిపోతుంది.

ఒక్క సెట్ చూసి ఏం తెలుస్తుంది

అనుభవం ఉన్నవాళ్ల కోపానికి అసలు కారణం అమ్మకం కూడా కాదు. తమను ఏమీ అడగకుండానే తీర్పు చెప్పేస్తారనేది వాళ్ల బాధ.

లెక్క ప్రకారం కసరత్తు చేసేవాడు వారాల తరబడి ప్లాన్ వేసుకుంటాడు. మూడు నాలుగు వారాలు బరువు పెంచుకుంటూ పోయి, ఒక వారం కావాలని తగ్గిస్తాడు. కీళ్లకు, నరాలకు విశ్రాంతి కోసం. దాన్ని డీలోడ్ అంటారు. ఆ వారంలో ట్రైనర్ వచ్చి "ఇంత తక్కువేంది అన్నా, ఇంకో రెండు ప్లేట్లు వేయాలె" అంటే ఏం చెప్పాలి? ఇంకొకతను భుజానికి దెబ్బ తగిలి ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్టు బార్‌ను సగం వరకే దించుతుంటాడు. "ఫుల్‌గా దించాలి" అని వెనక నుంచి మోచేయి పట్టి కిందికి నొక్కేవాళ్లూ ఉన్నారు. అది సలహా కాదు, ప్రమాదం. బరువు చేతిలో ఉన్న మనిషిని మాట్లాడించడం, తాకడం రెండూ తప్పే. చెప్పేది ఏదైనా సెట్ ముందు చెప్పాలి, లేదంటే అయ్యాక.

ఇక మోకాళ్ల విషయం. స్క్వాట్‌లో మోకాళ్లు కాలివేళ్లు దాటకూడదన్నది జిమ్‌లలో ఎక్కువగా వినిపించే మాట. లోతుగా కూర్చుంటే మోకాళ్లు పాడవుతాయన్న భయం 1961లో అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ క్లైన్ అధ్యయనంతో బాగా వ్యాపించింది. పూర్తిగా కిందికి కూర్చుంటే మోకాలి లిగమెంట్లు వదులవుతాయని ఆయన తేల్చారు. తర్వాత జరిగిన పరిశోధనలు ఆ మాటను బలపరచలేదు. 2003లో మరో అధ్యయనం వచ్చింది. అందులో మోకాళ్లు ముందుకు రాకుండా పాదాల ముందు పలక అడ్డం పెట్టి స్క్వాట్ చేయించారు. మోకాలి మీద పడే తిప్పుడు బలం సుమారు 22 శాతం తగ్గింది. తుంటి కీలు మీద మాత్రం పది రెట్లు పెరిగింది. నడుము కూడా ఎక్కువగా ముందుకు వంగింది. అంటే మోకాలిని కాపాడబోయి భారమంతా తుంటి, నడుము మీదికి నెట్టినట్టు. తొడ ఎముక పొడుగ్గా ఉన్నవాళ్లకు మోకాళ్లు ముందుకు రాకుండా స్క్వాట్ చేయడమే కష్టం. మోకాలి నొప్పి ఉన్నవాళ్ల విషయం వేరు, వాళ్లు డాక్టరు చెప్పింది వినాలి. నొప్పి లేని మనిషికి ఇది సూత్రంలా చెప్పేది కాదు.

ఆ మాటకొస్తే మన పాతబస్తీ తాలీమ్‌లలో పహిల్వాన్లు తీసే బైఠక్ చూడండి. మడమలు లేస్తాయి, మోకాళ్లు వేళ్లు దాటి చాలా ముందుకు వెళతాయి. తరాలుగా వందల కొద్దీ తీశారు.

తాలీమ్‌లో సలహా ఇచ్చే పద్ధతి కూడా వేరుగా ఉండేది. ఉస్తాద్ కొత్త షాగిర్ద్‌కు మొదట మట్టి తవ్వే పని పెట్టేవాడు, దండ్, బైఠక్ తీయించేవాడు, రోజుల తరబడి చూసేవాడు. ఎవడి నడుము ఎంత గట్టిది, ఎవడికి ఓపిక తక్కువ అన్నది తెలిశాకే ముగ్దర్ చేతికిచ్చేవాడు. ఆయన తిట్టినా పడేవాళ్లు, ఎందుకంటే తమను ఆయన ఎరుగునని వాళ్లకు తెలుసు. తాలీమ్‌లో అన్నీ సరిగ్గా ఉండేవని కాదు. దెబ్బ తగిలితే నూనె రాసి మర్నాడే కుస్తీకి దింపిన ఉస్తాద్‌లూ ఉన్నారు.

వినాల్సినప్పుడు వినాలి

పాతవాళ్లంతా సరిగ్గా చేస్తారనుకుంటే అదీ పొరపాటే. డెడ్‌లిఫ్ట్‌లో తన నడుము ఎలా వంగుతోందో తనకు కనిపించదు. పదేళ్లుగా ఒకే తప్పు చేస్తున్నవాళ్లు ప్రతి జిమ్‌లోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లే ఎవరి మాటా వినరు. అందుకే చెప్పే తీరును బట్టి మనిషిని అంచనా వేయొచ్చు. "ఇవాళ ఏం ప్లాన్ భాయ్? ఎక్కడైనా నొప్పి ఉందా?" అని అడిగి తర్వాత మాట్లాడేవాడు పని తెలిసినవాడు. అతని మాట రెండు నిమిషాలు వింటే పోయేదేమీ లేదు. సెల్‌ఫోన్‌లో వీడియో తీసి చూపించి "ఇక్కడ చూడండి" అంటే ఇంకా మంచిది.

బెంచ్ ప్రెస్‌లో బార్ ఛాతీ మీద ఇరుక్కున్నా, మెడ మీదికి జారుతున్నా ఎవరి అనుమతీ అక్కర్లేదు, వెంటనే వెళ్లి పట్టుకోవాల్సిందే. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం కనిపించినా అంతే.

సలహా వద్దనుకున్నప్పుడు గొడవ పడాల్సిన పని లేదు. "షుక్రియా భాయ్, నాకు ప్లాన్ ఉంది, అవసరమైతే నేనే అడుగుతా" అంటే చాలామంది ఆగిపోతారు. మళ్లీ మళ్లీ వస్తే ట్రైనర్‌తో కాకుండా మేనేజర్‌తో మాట్లాడటం మేలు. పీటీ డబ్బు ముందే కట్టి, చెప్పిన ట్రైనర్ రాకపోయినా, మధ్యలో మారిపోయినా, "కట్టింది వాపసు ఇయ్యం" అన్న మాటకు బెదరనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం ఉన్న సేవకు బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. రసీదు మాత్రం తప్పకుండా తీసుకోవాలి, నోటిమాట మీద డబ్బు కట్టొద్దు.

మహిళలకు ఈ సమస్య ఇంకా ఎక్కువ. బురఖా తీసి పొడుగు చేతుల టీషర్ట్, హిజాబ్‌తో కసరత్తు చేసే అమ్మాయికి "ఇంత వేసుకుంటే చెమట ఎట్ల పడ్తది" అనే సలహా దగ్గర్నుంచి, ఫామ్ సరిచేసే పేరుతో నడుము మీద చేయి వేయడం దాకా అన్నీ ఉన్నాయి. బరువులు ఎత్తితే మగాళ్లలా అవుతారని భయపెట్టి ట్రెడ్‌మిల్ మీదికి పంపేవాళ్లూ ఉన్నారు. ఆడవాళ్లలో టెస్టోస్టిరాన్ మగవాళ్లకంటే చాలా తక్కువ, కాబట్టి ఆ భయానికి ఆధారం లేదు. వయసు పెరిగేకొద్దీ ఎముకలు బలహీనపడకుండా ఉండాలంటే వాళ్లకు బరువులు అవసరం కూడా. తాకకుండా నేర్పడం ఏ ట్రైనర్‌కైనా సాధ్యమే. "చేయి వేయకుండా చెప్పండి" అని అనడానికి మొహమాటం అక్కర్లేదు. దాటితే షీ టీమ్స్ ఉన్నాయి. చాలా జిమ్‌లలో మహిళలకు విడిగా సమయాలు పెడుతున్నారు. అయితే ఆ సమయంలో హాల్లో ఉండే ట్రైనర్ మహిళేనా అన్నది చేరేముందే అడగాలి.

రంజాన్‌లో మరో రకం సలహాలు మొదలవుతాయి. "రోజాలో కసరత్తు చేస్తే కండ అంతా కరిగిపోతది" అనేది ఎక్కువగా వినిపిస్తుంది. తిండి, నిద్ర సరిపడా ఉంటే నెల రోజుల్లో బలం పెద్దగా తగ్గదని రంజాన్‌లో క్రీడాకారుల మీద జరిగిన అధ్యయనాలు చాలావరకు చెబుతున్నాయి. ఇఫ్తార్‌కు ముందు తేలికపాటి వ్యాయామం, బరువులు తరావీహ్ తర్వాత అని చాలామంది సర్దుకుంటారు. నీళ్లు లేని వేళ గంటసేపు పరుగెత్తమనే ట్రైనర్ మాట మాత్రం వినొద్దు. షుగర్, బీపీ మందులు వాడేవాళ్లు ఈ విషయంలో అడగాల్సింది డాక్టర్‌నే.

పౌడర్ దగ్గర మొదలై

అడగని సలహాల్లో ఎక్కువ ఖర్చు పెట్టించేది ప్రొటీన్ పౌడర్. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల ప్రకారం మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 70 కిలోలు ఉంటే సుమారు 58 గ్రాములు. గట్టిగా కసరత్తు చేసేవాళ్లకు కిలోకు 1.4 నుంచి 2 గ్రాములని అంతర్జాతీయ క్రీడా పోషకాహార నిపుణులు చెబుతారు. అంటే అదే మనిషికి 98 నుంచి 140 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, వంద గ్రాముల వండిన చికెన్ బ్రెస్ట్‌లో ముప్ఫై గ్రాములు ఉంటాయి. పప్పు, పెరుగు, మాంసం రోజూ వండే ఇంట్లో ఇది అందని లెక్కేం కాదు. పౌడర్ విషం కాదు, వంటకు తీరిక లేనివాళ్లకు పనికొస్తుంది. కసరత్తు అయిన అరగంటలో తాగకపోతే అంతా వృథా అన్న మాట మాత్రం అమ్మకం మాట. రోజు మొత్తంలో ఎంత తిన్నారన్నదే ముఖ్యం. క్యాప్సూల్ రూపంలో వచ్చేవాటిలో పై పొర చాలాసార్లు జిలాటిన్‌తో చేస్తారు. డబ్బా మీది గోధుమ రంగు గుర్తు మాంసాహారమని చెబుతుంది గానీ అది ఏ జంతువుదో చెప్పదు. హలాల్ చూసుకునే కుటుంబాలు ఆ వివరం కంపెనీని అడగాలి.

సలహా పౌడర్ దగ్గర ఆగకపోతేనే భయం. "నేచురల్‌గా ఇంతే వస్తది తమ్ముడూ" అన్న మాటతో ఇంజెక్షన్ల సంగతి మొదలవుతుంది. బయటి నుంచి స్టిరాయిడ్లు ఎక్కిస్తే శరీరం సొంతంగా టెస్టోస్టిరాన్ తయారుచేయడం తగ్గించేస్తుంది. వీర్యకణాలు పడిపోతాయి, కొందరిలో మానేసినా తిరిగి పెరగడానికి నెలలు, ఏళ్లు పడుతుంది. పెళ్లయ్యాక పిల్లలు లేరని కోడలిని ఆస్పత్రుల చుట్టూ తిప్పే ఇళ్లలో, అబ్బాయి జిమ్‌లో ఏం తీసుకున్నాడని అడిగేవాళ్లు తక్కువ. మెఫెంటర్మిన్ ఇంజెక్షన్ మరొకటి. ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోతే పెంచడానికి డాక్టర్లు వాడే మందు అది. కసరత్తుకు ముందు జోష్ కోసమని జిమ్ కుర్రాళ్లకు అమ్ముతున్న ముఠాలను హైదరాబాద్‌లో పోలీసులు ఇప్పటికే పలుసార్లు పట్టుకున్నారు. గుండె లయ తప్పడం, మెదడులో రక్తనాళం చిట్లడం, అలవాటుపడి మానలేకపోవడం దీంతో వచ్చే ప్రమాదాలు.

ఇలాంటివి అనుభవం ఉన్నవాళ్లకు అంటగట్టడం కష్టం. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లలు దొరుకుతారు. నిద్ర తగ్గడం, ఊరికే కోపం, ముఖం మీద, వీపు మీద ఒక్కసారిగా మొటిమలు, కొద్ది వారాల్లోనే అసాధారణంగా బరువు పెరగడం, బ్యాగులో సిరంజీలు కనిపిస్తే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి బీపీ, లివర్, హార్మోన్ పరీక్షలు చేయించాలి. ఆ సమయంలో పిల్లాడిని తిడితే ఎవరిచ్చారో చెప్పడు. పేరు తెలిశాక పోలీసులకు గానీ, రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అధికారులకు గానీ ఫిర్యాదు చేయవచ్చు. ఖాళీ సీసా, దాని మీది లేబుల్ పారేయకుండా ఉంచితే వాళ్లకు పని సులువవుతుంది.